బంగారము కడుగుట – దోషము లెన్నుట

మాటలకును మన యాడువారికివలెనే పుట్టినిల్లు, మెట్టినిల్లు అని రెండిండ్లు గలవు. పుట్టినింట నొక పని నేర్చిన మాట మెట్టినింట వేఱొక పనికి దిగును. అయినను పుట్టినింటి నడవడి దానిని పూర్తిగా విడువదు. అట్టి యొక మాటను గుఱించి యీ నెల సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి. అది యింగ్లీషు మాట. ఏటియిసుకలోని బంగారమును కడిగి తీయుటకును, ఒకరి పనిని నిర్దాక్షిణ్యముగ దూషించుటకును ఆ భాషవారు దానినే వాడుదురు. ఈ రెండు పనులకును పొత్తెట్లు కుదిరెనో విచారింపబోగా, మా యింటి సంగతియే యొకటి మాకు తెలిసివచ్చినది.

గడచిన వేసవిలో నొక యాదివారమునాడు మా పెద్దమ్మాయి యింగ్లీషు పత్రిక చదువుచు, "నాన్నగారూ, ఈ సినిమాను విమర్శకులందరూ 'పాన్' చేశారట. దేశమంతటా విడుదల చేశారనా?" అని యడిగినది. 'పాన్ ఇండియా సినిమా' యను మాట గోడలమీదను పత్రికలలోను చూచి చూచి యున్న పిల్లకు అట్లు తోచుట సహజమే. దాని తమ్ముడు పకపక నవ్వెను. మావారు బడిపంతుళ్ళు గనుక నవ్వక, నిఘంటువు తెచ్చి ముందుంచిరి. చూడగా, 'పాన్ చేసిరి' యనగా చీల్చి చెండాడిరని యర్థము! "పెనానికీ తిట్టుకూ సంబంధమేమిటమ్మా?" అని పిల్ల మావైపు తిరిగినది. కొన్ని నెలలుగా తన చదువు, వ్రాతల సంగతి మాతో నెత్తని బిడ్డ యిట్లడిగినందుకు మాకు లోలోన సంతోషము కలిగినది. అది యేల యెత్తకుండెనో ముందు చెప్పెదము.

ఈ 'పాన్' అను నుడి ఒక్కటి కాదు. ఒకే చీర కట్టిన నలుగురైదుగురు. 'పాన్ ఇండియా' యందలిది గ్రీకు మాట. 'సమస్తము' అని దాని యర్థము. సినిమావారు కెమెరాను ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు మెల్లగా త్రిప్పుటను 'పాన్' అందురు. అది 'పనోరమా' యను మాటకు కుఱుచరూపము గనుక దీనికి చుట్టమే. గ్రీకుల పురాణములలో మేకకాళ్ళుగల వనదేవత యొకడు గలడు. ఆతని పేరును 'పాన్' అనియే. మనము భోజనానంతరము వేసికొను పాన్ మాత్రము సంస్కృతమందలి పర్ణశబ్దమునుండి పుట్టినది. వీరెవ్వరును మనకు కావలసినవారు కారు. మనకు కావలసిన 'పాన్' వంటయింటిది. వెడల్పుగా, లోతు తక్కువగా నుండు లోహపాత్ర. మన మూకుడును పెనమును దాని తోబుట్టువులవంటివి. ప్రాచీనకాలమునుండియు ఇంగ్లీషువారి వంటయిండ్లలో నున్న యీ పాత్ర ఏటియొడ్డునకు పోయి బంగారము కడిగినది.

1848వ సంవత్సరము జనవరి 24వ తేదీన అమెరికా పశ్చిమతీరమందలి కాలిఫోర్నియాలో, కొలోమా యను చోట జేమ్స్ మార్షల్ అను వడ్రంగి, జాన్ సట్టర్ అనువానికై తాను కట్టుచున్న ఱంపపు మిల్లు కాలువలో పసుపుపచ్చని తునకలు మెఱయుట చూచెను. ఆ వార్త దాగలేదు. ఏడెనిమిదేండ్లలో సుమారు 3 లక్షలమంది దేశదేశములనుండి ఆ చోటికి పోయిరి. తొలుత వచ్చినవారిలో పలువుర చేతనున్న పరికరములు పార, గునపము, నొక యినుప పళ్ళెము మాత్రమే.

పని యిట్లు జరుగును. పళ్ళెములో ఏటియిసుకను నింపి నీట ముంచుదురు. మట్టిగడ్డలను చేతితో చిదిపి, పెద్దరాళ్ళను ఏరివేసి, పళ్ళెమును ప్రక్కలకు కుదుపుచు, కొంచెము వంచి త్రిప్పుదురు. బరువైనది అడుగునకు దిగును. తేలికయైనది నీటితోగూడ అంచు దాటి పోవును. బంగారము నీటికంటె 19 రెట్లకు పైగా బరువు. సామాన్యమైన యిసుక రెండున్నర రెట్లను కొంచెము మించును. ఆ తారతమ్యమే యీ విద్యకు మూలము. కడకు అడుగున నల్లని యినుపయిసుక గుప్పెడు మిగులును. అది తెల్లయిసుకకంటె బరువు, బంగారముకంటె తేలిక. అప్పుడు పళ్ళెమును మిక్కిలి మెల్లగా కదల్పవలెను. తొందరపడినచో నల్లయిసుకతోపాటు బంగారపు నలుసును ఏటిపాలగును.

ఇది చదువుచుండగనే సోదరీమణుల చేతులకు ఒక పాతపని జ్ఞప్తికి వచ్చియుండును. మనము బియ్యము గాలించుటయు ఇదియే కదా! గిన్నెలో బియ్యము పోసి, నీరు పోసి, చేతితో కలియద్రిప్పి, వంచి, తేలిన బియ్యమును నీటితో వేఱొక గిన్నెలోనికి జాఱవిడుతుము. ఱాళ్ళు బరువైనవి గనుక మొదటి గిన్నె యడుగున నిలుచును. త్రిప్పుట, వంచుట, జాఱవిడుచుట యన్నియు సమానమే. అయినను ఫలము తలక్రిందు. బియ్యము గాలించునప్పుడు అడుగున నిలిచినదానిని పారవేయుదుము. బంగారము కడుగునప్పుడు అడుగున నిలిచినదానినే దాచుకొందురు. చేతివాటమొక్కటే. ఏది యుంచుకొనవలెనో ముందుగ తెలిసియుండుటయందే యున్నది భేద మంతయు. ఈ సంగతిని సోదరీమణులు మనసున నుంచుకొనవలెనని ప్రార్థన. మరల దీనితో పని గలదు.

ఈ విద్య అమెరికావారి సొమ్మని తలపరాదు. తెలుగున దీనికి జలగడుగు అని చక్కని పేరు గలదు. 1901వ సంవత్సరపు చెన్నపురి రాజధాని జనాభా లెక్కలలో జలగడుగువారని యొక చిన్న తెలుగు కులము పేర్కొనబడినది. బంగారము కడుగుట వారి వృత్తి. నేటికిని పట్టణములలో కంసాలి వీథుల దుమ్మును, కాలువల యడుసును ఎత్తుకొనిపోయి కడిగి, బంగారపు రజను తీసి బ్రతుకువారు గలరు. మనము ముక్కు మూసికొని దాటిపోవు మురుగులో వారి కన్ను వేఱొకదానిని చూచును.

కోలారు కథయు ఇట్టిదే. 1802లో జాన్ వారెన్ అను లెఫ్టినెంటు మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దులు కొలుచు పనిమీద నుండగా, ఆ ప్రాంతపు మన్నులో బంగారము గలదని విని, విచారించెను. ఊరిగాము, మారికుప్పము మొదలైన గ్రామములవారు తరతరములుగా ఆ పని చేయుచుండిరి. ఆయన కోరికపై ఊరి స్త్రీలు చిన్న చీపురును చేటయు చేతబట్టుకొని వచ్చి, మన్ను ఊడ్చి యెత్తి, తొలిచిన పలకపై నీట కడిగి బంగారము తీసి చూపిరి. పిమ్మట 1880 మొదలు దొరల కంపెనీలు గనులు త్రవ్వినవి. పని 3 కిలోమీటర్ల లోతునకు పోయినది. 2001 ఫిబ్రవరిలో ఆ గనులు మూతబడినవి. ఇంత పెద్ద కథకు మొదట నున్నవి మన యింటి చీపురు, చేట యని తలచినప్పుడు మాకు గర్వము కలిగినది.

ఇక మాట మెట్టినింటికి పోయిన తెఱగు వినుడు. ఏటియొడ్డున పళ్ళెము కడిగిన పిదప ఏమి మిగిలినదని యడుగుట అలవాటై, ఏ పనియైనను ఫలించినదా యని యడుగుటకు 'పాన్ అవుట్ అయినదా' యనుట వాడుకలోనికి వచ్చినది. ఇది పందొమ్మిదవ శతాబ్దపు సంగతి. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికాలో ఆ మాటయే కఠినవిమర్శకును పేరైనది. అది యెట్లనుటలో పండితులు రెండు విధములుగ చెప్పుదురు. పళ్ళెములోని యిసుకను కుదిపి కుదిపి కడిగినట్లు నాటకమునో గ్రంథమునో కడుగుట యని కొందఱు. కాదు, ఒకరిని పెనముమీద నుంచి మాడ్చుట యనియే మొదటి భావమని మఱికొందఱు. రెండవదియు మనకు క్రొత్త గాదు. కోడలిని అత్త 'వేపుకొని తినుచున్న'దని మనవారనరా?

పిల్ల ప్రశ్నకు సమాధానము చెప్పుచు మన తెలుగున దోషము లెన్నుటకు గల మాటలను లెక్కింపగా మేమే యాశ్చర్యపడితిమి. తూర్పారబట్టిరి. కడిగివేసిరి. ఉతికి యారవేసిరి. ఏకిపెట్టిరి. దులిపివేసిరి. తలంటిరి. చాకిరేవు పెట్టిరి. ఎండగట్టిరి. వీనిలో నొక్కటియైనను యుద్ధమునుండి గాని వేటనుండి గాని వచ్చినదా? అన్నియు ఇంటిపనులు, పొలముపనులు. వానిలో హెచ్చుభాగము స్త్రీలచేతి పనులు. కళ్ళములో చేటను తలపై కెత్తి గాలికి ధాన్యము జాఱవిడుచుట తూర్పారబట్టుట. గింజ కాళ్ళయొద్ద కుప్పపడును, పొట్టు దూరముగ పోవును. ప్రత్తిని విడదీసి మెత్తన చేయుట ఏకుట. తలంటుట యెఱుగని తల్లి లేదు.

అయినచో ఈ పనులన్నిటికిని సామాన్యమైన గుణమేది? శుభ్రపఱచుట యని వెంటనే చెప్పుదుము. కాని శుభ్రపఱచుట యన నేమి? గింజ దక్కవలెననియే తూర్పారబట్టుదుము. గుడ్డ నిలువవలెననియే ఉతుకుదుము. దూదికొఱకే ప్రత్తిని ఏకుదుము. బిడ్డ కంటిలో కుంకుడురసము పడి కేకలు పెట్టినను తలంటుట ఆ తల మనది గనుకనే. దక్కించుకొనవలసిన వస్తువు లేనిచో ఆ పనులకు అర్థమే లేదు. పొట్టు ఎగురుచున్నది గదా యని సంతోషించుచు గింజలనుగూడ గాలికి విడుచు నిల్లాలిని లోకము పనిమంతురాలనదు. పుట్టినింట మాటకు గల యీ ముఖ్యధర్మము మెట్టినింట మఱపునకు వచ్చినది. నేడు 'కడిగివేసినాడు' అనగా, కడిగినదే వినబడుచున్నది. ఏమి మిగిలెనని యడుగువారు లేరు.

మన పెద్దలు దీనిని మఱవలేదు. ఋగ్వేదము పదవ మండలమున జ్ఞానమును గుఱించిన సూక్తమొకటి గలదు. అందు ధీరులు వాక్కును శుద్ధిచేయుటకు చెప్పిన యుపమానము జల్లెడతో పేలపిండిని జల్లించుట. మహాభాష్యమున పతంజలి వ్యాకరణమెందుకు చదువవలెనో చెప్పు సందర్భమున ఆ మంత్రమునే యుదాహరించెను. వాక్శుద్ధికి పోలిక కావలసివచ్చినప్పుడు ఋషి చూపు వంటయింటి జల్లెడపై నిలిచినది. ఇంగ్లీషువారి 'క్రిటిక్' అను మాటయు 'వేఱుచేయు' నను నర్థముగల గ్రీకు ధాతువునుండి పుట్టినదే. కాళిదాసు రఘువంశారంభమున తన కావ్యమును మంచిచెడ్డల నెఱిగిన సజ్జనుల పరీక్షకు ఒప్పగించుచు, బంగారమునకు అగ్నిపరీక్షను పోలికగ తెచ్చెను. అగ్నియన్న భయపడక తన బంగారమును తానే కొనివచ్చి యిచ్చుట గమనింపదగినది. పరీక్షించువారు సజ్జనులను నమ్మకముండబట్టియే ఆ ధైర్యము.

క్రీస్తుశకము 900 ప్రాంతమున నుండిన రాజశేఖరుడు కావ్యమీమాంసలో చదువరులను నాలుగు తెగలుగ విభజించెను. ఏదియు రుచింపనివాడు అరోచకి. గడ్డితో గూడ మ్రింగువాడు సతృణాభ్యవహారి. ఓర్వలేనివాడు మత్సరి. సత్యమునందే దృష్టి నిలుపువాడు తత్త్వాభినివేశి. వీరిలో మొదటివాడు గింజను గూడ పారవేయును. రెండవవాడు పొట్టును గూడ తినును. మన యిండ్లలో బిడ్డల విషయమున మనమీ రెండు తెగలలోను మాటిమాటికి చేరుచుందుము. అతిథులముందు మనబిడ్డ చేసినదంతయు బంగారమే. అతిథులు వెడలినపిదప వాడు చేసినదంతయు మన్నే. మఱి మాయింట జరిగినది దీనికి వ్యతిరేకము, అంతకంటెను హీనము.

అది చెప్పుటకు ముందు కాలిఫోర్నియా కథలో మిగిలినదానిని చెప్పవలెను. మాకు బుద్ధి వచ్చినది దానివలననే. పళ్ళెముతో కడుగుట ఆలస్యమని తోచినవారు 1853 మొదలు క్రొత్త యుపాయము పన్నిరి. ఎత్తైన తావులనుండి నీటిని తెచ్చి, పెద్ద గొట్టములద్వారా మహావేగముతో కొండలమీదనే చిమ్మిరి. కొండచరియలు కరగి క్రిందికి జాఱినవి. బంగారము దొరికినది, నిజమే. కాని ఆ మన్నంతయు నదులలో చేరి వాని గర్భమును పూడ్చివేసినది. దిగువనున్న పొలములు వరదల పాలైనవి. రైతులు న్యాయస్థానమునకెక్కగా 1884 జనవరిలో సాయర్ అను న్యాయాధిపతి, గనులవారు మన్నును నదులలోనికి వదలరాదని తీర్పు చెప్పెను. అంతటితో ఆ పని చాలవఱకు ఆగినది. ఉభయత్రా చేసినది కడుగుటయే. ఒకటి చేతిలోని పళ్ళెము. తానెంత కడుగుచున్నాడో వానికి కనబడుచుండును. రెండవది గొట్టము, దానిని పట్టినవాని కంటికి మన్ను ఎగురుట దక్క దిగువ మునుగు పొలము కనబడదు.

గడచిన సంక్రాంతికి మాయింట చుట్టములు నిండియుండిరి. మా పెద్దమ్మాయి బడికై 'మన ఊరి చెఱువు' అని వ్యాసము వ్రాసి, నలుగురిలో మెప్పు పొందవచ్చునను నాసతో కాబోలు, అందఱి యెదుట మాకు చదువనిచ్చినది. చిన్ననాట తండ్రిగారియొద్ద పంచకావ్యములు చదివితిమను గర్వము మాకు కొంత గలదు. పెన్సిలు తీసికొని, ఇచట ఒత్తు లేదు, ఇచట 'ళ'కారము పోయినది, ఇచట విభక్తి తప్పినదని వరుసగ గీతలు గీచితిమి. మొత్తము పదునేడు. అంతటితో నూరకుండక, "పంతులుగారి కూతురివై యుండి ఇదేనా వ్రాత?" అంటిమి. చుట్టములు మా పాండిత్యమును మెచ్చుకొనిరి. పిల్ల నోరెత్తక పుస్తకమును తీసికొని పోయి పెట్టె యడుగున పెట్టినది. ఆ దినము మొదలు తన వ్రాత యొక్కటియు మా కంట పడనీయలేదు. బడిలో ఏమి వ్రాయించిరన్న "ఏమీ లేదమ్మా" అనును. మేము మా ధర్మమును చేసితిమనియే నాలుగు నెలలు నమ్మితిమి.

ఆ వేసవి యాదివారమునాటి సాయంకాలము, పెరటి యరుగుమీద మా యత్తగారు రాత్రివంటకు బియ్యము గాలించుచుండగా, మేము పిల్లకు ఏటియిసుక సంగతియు, కొండలు కరగిన సంగతియు చెప్పుచుంటిమి. అత్తగారికి బడిచదువు తక్కువ. అన్నియు విని, గిన్నె వంచుచునే, "ఱాళ్ళేరడం తప్పు కాదే అమ్మాయీ. ఇదిగో ఱాయి అని నలుగురికీ చూపించి, గిన్నెడు బియ్యమూ పెరట్లో పారబోస్తేనే తప్పు. సంక్రాంతినాడు నువ్వు చేసిన పని అదే కదుటే" అనిరి. ఆమె కంఠమున కోపము లేదు. మాకు మాత్రము తల వంగిపోయినది. పిల్ల మాటాడక నేలవైపు చూచుచుండెను.

ఆ రాత్రి మేమే పోయి, "ఆ పుస్తకము మరల నొకసారి చూపెదవా?" అని యడిగితిమి. చాలసేపు సంశయించి, పెట్టె తెఱచి తెచ్చినది. మా పదునేడు గీతలును అట్లే యున్నవి. ఈసారి గీతలను విడిచి, వాని నడుమనున్నదానిని చదివితిమి. ఎండకాలపు చెఱువును వర్ణించుచు పిల్ల యిట్లు వ్రాసియున్నది: నీళ్ళు పోయిన చెఱువునేల మా బామ్మ పాదములవలె పగిలియున్నది, వానపడిన మఱునాడు ఆ పగుళ్ళలోనే మొదట పచ్చగడ్డి మొలచును. ఆ వాక్యములో 'పగుళ్ళు' అను చోట 'ళ'కారమునకు బదులు 'ల'కారము పడినందున మేము దానిక్రింద గీత గీచియుంటిమి! అక్షరము కనబడినది, వాక్యము కనబడలేదు. గట్టిగా చదివి వినిపింపగా మా యత్తగారు తన పాదములు తాను చూచుకొని, "నా కాళ్ళు ఎప్పుడు చూసిందే ఇది!" అని నవ్విరి. నాలుగు నెలల తరువాత పిల్లయు నవ్వినది.

తప్పులు తప్పులు కాకుండ పోలేదు. మఱునాడు పిల్ల తానే నిఘంటువు పెట్టుకొని పదునేడింటిని దిద్దుకొనినది. అందు రెండు మా పొరపాట్లే యని చూపినది, ఒప్పుకొంటిమి. ఇప్పుడు అప్పుడప్పుడు తన వ్రాతలు చూపుచున్నది. అన్నియు చూపుచున్నదని చెప్పలేము.

ఇంతమాత్రమున దోషములు చెప్పరాదని మేమనుట లేదు. అట్లనుట గడ్డితో గూడ మ్రింగుమని చెప్పుట యగును. కాకిబంగారమును బంగారమని మెచ్చి బిడ్డను బజారునకు పంపినచో, అచట గీటురాయి మనవలె ప్రేమగ పలుకదు. చెప్పవలెను. కాని జలగడుగువారి పనితనమును కొంత నేర్చుకొని చెప్పవలెను. వారు ఒక్కసారికి ఒక పళ్ళెమే తీసికొందురు, ఏటినంతను గాదు. ఒక్క తప్పునుబట్టి, "నీ వెప్పుడును ఇంతే, మీ వంశమే యింత" అనుట కొండమీద గొట్టము పట్టుటయే. కూర యుప్పైనదని విస్తరిముందు నలుగురిలో ననుటకును, భోజనములైన పిదప వంటయింట చెప్పుటకును భేదము, వడ్డించిన కోడలికే తెలియును. నలుగురిలో చెప్పిన మాటలో సగము నలుగురికొఱకే యుండును. నేడు చేతిలోని ఫోనునుండి తెలియనివారినిగూడ వేలమంది యొక్కమ్మడి 'కడిగివేయు' కాలము వచ్చినది. అచట గొట్టము పట్టినవారికి లెక్కయే లేదు.

వారు కడ గుప్పెడు నల్లయిసుకను మెల్లగా కదల్చుటయు మనము నేర్వదగినదే. పెద్దతప్పులను దిద్దుట సులభము. పని దాదాపు బాగుగ నున్నప్పుడు మిగిలిన చిన్నలోపమును చెప్పుట కష్టము. ఏలయన మంచి దానినంటియే యుండును. అప్పుడే మన చేయి తొందరపడును. మంచి ముగ్గులో నొక చుక్క తప్పినదని ముగ్గంతయు చెఱిపించుట, చక్కగ పాడిన పిల్లను ఒక్క గమకముకై అందఱిలో నాపుట మన యిండ్లలో లేవా?

అన్నిటికంటె ముఖ్యమైనది, పళ్ళెము పట్టకమునుపే ఈ యిసుకలో బంగారము గలదను నమ్మకము. అది లేనివాడు ఏటిలోనికి దిగడు. మనకు ఎదుటివారియందు ఆ నమ్మకము లేనప్పుడు నోరు మెదపకుండుటయే మేలు. ఉన్నప్పుడు మాత్రము, దొరికిన నలుసును ముందు చేతిలో పెట్టి చూపి, ఆ పిదప ఇసుక సంగతి యెత్తవలెను. ఇది ముఖస్తుతి కాదు. పళ్ళెములో ఏమి మిగిలెనో లెక్క చెప్పుట.

సోదరీమణులారా, రేపు ఉదయము బియ్యము గాలించునప్పుడు ఒక్క నిమిషము చేయి నిలిపి, ఇటీవల మనము ఎవరిని 'కడిగితిమో' తలచుకొందము గాక. ఆ గిన్నెలోనివి పెరటిపాలైనవని తోచినచో, పెట్టెల యడుగున నున్న పుస్తకములను అడిగి తెచ్చుకొని మరల చదువుటకు ఇంకను వేళ మించిపోలేదు. పదునేడు గీతలు గీచిన యీ చేతితో మేము వ్రాయుచున్న విన్నపము ఇది.